గానుగ లేని గానుగాట

నేను మామూలు పుంజును కాను. నేను కూస్తేగాని సూర్యుడు లేచేవాడు కాదు, నక్క దొర గానుగ ఎద్దులూ లేచేవి కావు. ఆ దొర ఎద్దుల కళ్లకు గంతలు బిగించి పొద్దస్తమానం తిప్పేవాడు. "కళ్లు పుళ్లు పడ్డాయి, విప్పండి దొరా" అని సోములనే ఎద్దు మొత్తుకుంటే, "గుండ్రంగా తిరిగేవాడికి చూపెందుకురా?" అని నవ్వేవాడు.

ఒకరోజు సోములు ఆ గంతలతోనే సంత నడుమ తిరగడం మొదలెట్టాడు. గానుగ లేదు, కాడి లేదు, అదే నడక. "రండహో, దొరగారి గానుగాట!" అని నేను కూశాను. ఆ కూతకు కొండలే పక్కకు జరిగాయి! మేకలు మొదట పగలబడి నవ్వాయి. సోములు తిరిగేకొద్దీ నవ్వు ఆగిపోయింది.

నక్క ఉరికొచ్చాడు. "ఆపరా నాటకం! విప్పరా గంతలు!"

"కట్టింది తమరు. తమరే విప్పండి దొరా."

నక్క కోపంగా గుంజేశాడు. గంతలతో పాటు చర్మమూ ఊడొచ్చింది. ఆ పచ్చిపుళ్లను సంతంతా చూసింది.

"సిగ్గులేదట్రా నక్కా?" అని ముసలి మేక ఉమ్మేసింది.

మర్నాడు తెల్లవారుజామున నక్క నా ముందు గింజలు పోసి, ఎద్దుల్ని లేపమని బతిమాలాడు. నేను ముక్కు విప్పలేదు. సూర్యుడు తనంతట తానే లేచాడు. ఎద్దు ఒక్కటీ లేవలేదు.