గడప మీద చెక్క

"చేతికందే బిందె. ఒక్క గిలాస ముంచిస్తే నీ సొమ్మేం పోతది?"

కనకమ్మ అడగడం అది మూడోసారి.

కోడలు నవీన ఒళ్లో చాట పెట్టుకుని బియ్యం ఏరుతోంది. తల ఎత్తలేదు. "మంచం నుంచి బిందె దాక నాలుగడుగులు, అత్తమ్మా. లేచొచ్చి ముంచుకోమను."

"వాడు లేస్తడా? ఎన్నడన్న లేచిండా?"

"మీరు లెవ్వనిస్తే గదా!"

మంచం మీద భూషణ్, ఈ తగవు పక్కింటిదైనట్టు టీవీలో క్రికెట్ చూస్తున్నాడు. అన్నం పళ్లెం మంచం దగ్గరికే వస్తుంది. చేయి కడిగిన నీళ్లు మంచం దగ్గరి నుంచే పోతాయి. "ఆవాజ్ పెంచు" అంటే పదేళ్ల కూతురు నమ్రత పరుగెత్తుకొచ్చి పెంచుతుంది.

నూలు మూట దించుతూ కార్ఖానా మెట్ల మీది నుంచి పడ్డది మొదలు ఇల్లు ఇల్లులా లేదు. ముంబైలో వెన్నెముక ఆసుపత్రి, ఐదు నెలలు. ఆ ఐదు నెలలూ నవీన అక్కడే ఉంది. ఏ కసరత్తు ఎన్నిసార్లు చేయాలో, మంచం మీంచి కుర్చీలోకి ఎలా మారాలో అంతా నేర్చుకుని వచ్చింది. అన్నిటికంటే గట్టిగా నేర్చుకున్నది మాత్రం ఒకటే. ఎవరి పని వాళ్లే చేసుకోవాలి. చేసిపెట్టే చేతులున్నంతకాలం మనిషి లేవడు.

"ఆసుపత్రి ముచ్చట్లు ఇంట్ల చెప్పకు," అంది కనకమ్మ. "ఆ ఐదు నెలల్ల నా కొడుకు సగమైండు."

సగమైన కొడుకు మంచం నిండా ఉన్నాడు.

నిన్ననే శాంతి నగర్ నుంచి దూరపు చుట్టం రామవ్వ పరామర్శకు వచ్చింది. భూషణ్ తల నిమిరి, "గింత చిన్న వయసుల ఎంత కష్టమొచ్చె కొడుకా!" అని ముక్కు చీదింది. తెచ్చిన డజను బత్తాయిలూ అతని చేతిలోనే పెట్టింది. సాయంత్రానికి తొక్కలు మిగిలాయి. కష్టాన్ని భూషణ్ బాగానే తట్టుకుంటున్నాడు.

చక్రాల కుర్చీ గడప దాటేలా ఏటవాలుగా ఒక చెక్క వేయించమన్నారు ఆసుపత్రివాళ్లు. మామ రాజలింగం వేయించాడు. గడప కనపడకుండా పోయిందని కనకమ్మ రెండు రోజులు అలిగి అన్నం మానేసింది. మూడో రోజు చెక్కకే పసుపు రాసి, బొట్లు పెట్టి, దండం పెట్టుకుంది. ఇక లక్ష్మి మీద చక్రం ఎక్కించే ధైర్యం ఎవరికుంటుంది? నెల దాటింది. కుర్చీ ఇంట్లోనే తిరుగుతోంది.

రాజలింగం కార్ఖానా నుంచి వచ్చి చెప్పులు విడిచాడు.

"కండెలు చుట్టే యమునాబాయి పని బంద్ చేసింది. నూలు చుట్టేటోళ్లు లేక బట్ట నేసే నాలుగు సాంచాలు ఆగినయి. ధామన్కర్ నాకా చౌరస్తా దాక అడిగొచ్చిన, ఒక్క మనిషి దొరుకుతలేదు."

"నేను కూసుంట మామా," అంది నవీన. "చేతుల పనే గదా."

"మంచిగుంది!" కనకమ్మ లేచింది. "నువ్వు పోతే వాని కాడ ఎవరుంటరు? బువ్వెవరు పెడ్తరు? నీళ్లెవరిస్తరు?"

రాజలింగం కొడుకు వైపు చూశాడు. "అదీ నిజమే," అన్నాడు.

"గిలాస!" అన్నాడు భూషణ్, తెర మీంచి చూపు తిప్పకుండా.

నమ్రత పరుగెత్తబోయింది. నవీన కళ్లతోనే ఆపింది. ఏరిన బియ్యం డబ్బాలో పోసి, ఒళ్లోని చాట పక్కన పెట్టింది. గొంతు పెంచకుండా, ఇంటిల్లిపాదికీ వినపడేలా చెప్పింది.

"పొద్దుగాల కార్ఖానకు పోతున్న, రేపటి సంది ఆ చెక్కకు పసుపు రాయకుండ్రి అత్తమ్మా, నా చక్రాల కుర్చీ జారుతది."