ఎడమ పేజీలో రాసినవి

“ఒక్క పరీక్ష కూడా మానలేదు డాక్టరుగారూ. మరి ఇదెలా వచ్చింది?” అంటూ నోటుపుస్తకం ఆమె ముందుకు తోశాను.

మావారికి పేగులో కణితి తీసేసి నాలుగేళ్ళయింది. మూడు నెలలకోసారి రక్తపరీక్ష, ఆరు నెలలకోసారి స్కాను. తేదీలతో సహా కుడి పేజీల్లో రాశాను. అన్నీ బాగున్నాయి. ఈ ఉదయం మాత్రం, వెన్నెముకకు పాకిందన్నారు.

డాక్టరు పేజీలు తిప్పింది. “పరీక్ష ఆ రోజు సంగతే చెప్తుందమ్మా. మధ్యలో జబ్బు తిరగబెడితే చాలాసార్లు ముందు తెలిసేది మనిషికే. ఆయన బాధేమైనా చెప్పారా?”

“లేదండీ. చెప్తే రాయకుండా ఉంటానా?”

ఆమె వేలు ఎడమ పేజీ మీద ఆగింది. ఎడమవైపు చిల్లర విషయాలు రాస్తాను. గ్యాస్ బండ మార్చిన తేదీ పక్కన నా అక్షరాలే ఉన్నాయి: “నడుము నొప్పి అంటున్నారు. రిపోర్టు బాగుంది. వట్టి బెంగ.” మరుసటి నెలలో మళ్ళీ అదే. ఆ పై నెలలోనూ. తర్వాత లేదు.

“తర్వాత తగ్గిందా?”

తగ్గలేదు. ‘రిపోర్టు కంటే మీకెక్కువ తెలుసా?’ అని నేను కసిరాక ఆయన చెప్పడం మానేశారు.

“ఇప్పుడేమీ చెయ్యలేమా?” పుస్తకం చేతిలోకి తీసుకుంటూ అడిగాను.

“నొప్పి తగ్గించగలం. ఎక్కడుందో, ఎంతుందో ఆయన నోటితోనే చెప్పాలి. కనుక్కోండి.”

ఆయన్ని చేర్చిన వార్డులోకి పరిగెత్తాను. మంచం అంచున కూర్చుని ఆయన చెయ్యి పట్టుకున్నాను.

“ఏమండీ, ఎక్కడ నొప్పి?”

ఆయన నా చేతిలోని పుస్తకం వైపు చూశారు.

“నొప్పి ఉందని రిపోర్టులో వచ్చిందా?” అని మెల్లగా అడిగారు.