తెరిచిన నోరు

"అమ్మాయ్, ఈయన్ని నీళ్లలోకి దింపకు. పన్ను నొప్పి!"

సిలిండర్ వీపుకి కట్టుకుని పడవ అంచున కూర్చున్న పెద్దాయన భార్యని గుర్రుగా చూశాడు. మాస్కు సరిచేస్తున్న ట్రైనరమ్మాయి చెయ్యి ఆగిపోయింది.

"నిజమా సార్? నీళ్ల ఒత్తిడికి పాడైన పన్ను ప్రాణం తీస్తుంది. డాక్టరుకి చూపించారా?"

"ఏం లేదమ్మా, కాస్త సలుపు. అంతే."

"కాస్తా? రాత్రంతా మూలుగే! పీకించుకోండి మహాప్రభో అంటే, ఆ కుర్చీ మాటెత్తితేనే చెమటలు. చంటిపిల్లలు నయం" అని దులిపేసింది భార్య.

పెద్దాయన బతిమాలాడు. ఈ ఒక్క సరదా కోసం ఎన్నాళ్లుగానో ఎదురుచూస్తున్నాడు మరి. చివరికి ఆ అమ్మాయే మెత్తబడింది. "సరే, ఇక్కడ లోతు తక్కువే, అలలు కూడా లేవు. నొప్పి పెరిగితే చెంప చూపించండి. వెంటనే పైకి వచ్చేద్దాం."

దిగుతుంటేనే పన్ను జివ్వున లాగింది. చెంప మీదికి పోబోయిన చెయ్యి మధ్యలోనే ఆగిపోయింది. ఎదురుగా పగడపు దిబ్బ! ఊదా, పసుపు, నారింజ... అబ్బ, చూడ్డానికి రెండు కళ్లు చాలలేదు. దిబ్బ పక్కన దూడంత చేప ఒకటి నోరు బార్లా తెరిచి, కదలకుండా నిలబడి ఉంది. లోపల వరసగా సూదుల్లాంటి పళ్లు. వేలెడంత నీలి చేప ఒకటి తిన్నగా ఆ నోట్లోకి దూరింది.

అయిపోయింది దీని పని, అనుకున్నాడు పెద్దాయన.

నోరు మూతపడలేదు. బుజ్జి చేప పన్ను పన్నుకీ తిరుగుతూ, ఇరుక్కున్నవన్నీ లాక్కుని తింటోంది. ఒకచోట గట్టిగానే లాగినట్టుంది, పెద్ద చేప ఒళ్లంతా జలదరించింది. అయినా నోరు మూయలేదు. దాని వెనక మరికొన్ని చేపలు తమ వంతు కోసం బుద్ధిగా ఆగి ఉన్నాయి. ఇంత నిశ్చింతగా తెరిచిన నోరు పెద్దాయన తన జన్మలో చూడలేదు. ఏమి నమ్మకం! మాస్కు లోపల కళ్లు చెమర్చాయి. తనని తల్చుకుంటే తనకే సిగ్గేసింది.

పడవెక్కగానే, "పీకించుకుంటానే" అన్నాడు.

భార్య నోరు వెళ్లబెట్టింది.

ట్రైనరమ్మాయికి హుషారొచ్చింది. "ఏం భయపడకండి సార్! మన మార్కెట్ వెనక వీధిలో పళ్ల డాక్టరున్నారు. ఏం హస్తవాసండీ ఆయనది! మా అమ్మకి రెండు పళ్లు పీకితే చీమ కుట్టినట్టు కూడా లేదట. రేపే వెళ్లండి."

పెద్దాయన తువ్వాలుతో మొహం తుడుచుకుంటూనే ఉండిపోయాడు. భార్య నవ్వాపుకోలేక పడవ అంచు పట్టుకుంది.

"ఆ డాక్టరు ఈయనేనమ్మా!"