మొండి పురుగు

సెగరోగం మూడోసారి వచ్చింది. రెండుసార్లు మందు మింగాక పోయినట్టే పోయి, మళ్లీ చెప్పాపెట్టకుండా వచ్చేసింది.

విజయనగరం పెద్దాసుపత్రిలో సుఖవ్యాధుల గది ముందు, గోడవైపు తిరిగి కూర్చున్నాడు బెన్హర్. చీపురుపల్లి దగ్గర పల్లెలో తాపీమేస్త్రీ. ఊళ్లో సగం గోడలు అతను కట్టినవే. ఇప్పుడు మొహం దాచుకోడానికి తనకే ఓ గోడ కావాల్సొచ్చింది.

రోగం ఎక్కడిదో అతనికి తెలుసు. పోయినేడు, అంటే రెండువేల పదిహేనులో, చెన్నై పనికెళ్లినప్పుడు ఒకే ఒక్కసారి తప్పు చేశాడు. ఇంటికొచ్చిన వారానికి మంట మొదలయ్యాక ఆ సంగతి తనే భార్యకు చెప్పేశాడు. ఎలీసమ్మ ఏడవలేదు, తిట్టలేదు. తిట్టినా బాగుండేది. అతని చాప, దుప్పటి తెచ్చి అరుగు మీద పెట్టి లోపలికెళ్లిపోయింది.

డాక్టరు మొదటిసారే రెండు పొట్లాలిచ్చాడు. ఒకటి అక్కడే మింగించాడు.

"రెండోది మీ ఆవిడకి. ఆడవాళ్లకి ఈ రోగం చాలాసార్లు పైకి కనపడదు. బాధ లేకపోయినా మింగాల్సిందే."

ఇదంతా ఇంట్లో చెప్పే మొహం బెన్హర్‌కి లేదు. "డాక్టరు నిన్ను మింగమన్నాడు" అని పొట్లం గుమ్మంలో పెట్టి, అరుగెక్కేశాడు. ఎలీసమ్మ దాన్ని కొంగున ముడేసుకుంది.

మర్నాడు పొద్దున్న చోడి అంబలి నోట పెట్టలేనంత చేదుగా ఉంది. ఆమె గుమ్మంలో నిలబడి, గిన్నె ఖాళీ అయ్యేదాకా చూసింది. ఇదీ శిక్షలో భాగమేననుకుని గుక్క తిప్పుకోకుండా తాగేశాడు.

నెలన్నర తర్వాత, "మంచు పడతన్నాది, లోపలికి రా మావా" అంది. ఆ ఒక్క మాటకి బెన్హర్ కళ్లు తుడుచుకున్నాడు. పది రోజులు తిరక్కుండా మళ్లీ మంట మొదలైంది.

మళ్లీ ఆసుపత్రి, మళ్లీ రెండు పొట్లాలు, మళ్లీ అరుగు. మర్నాడు అంబలి మళ్లీ చేదే. ఎండాకాలంలో మళ్లీ లోపలికి పిలిచింది, మళ్లీ రోగమొచ్చింది.

నెల మొదటి ఆదివారం చర్చిలో ప్రభువు బల్ల ఇచ్చేటప్పుడు, రొట్టె పళ్లెం తన వరసలోకి రాగానే, పాపం చేసిన చేత్తో ముట్టకూడదని తల దించుకునేవాడు. పళ్లెం పక్కవాడికి వెళ్లిపోయేది.

మూడోసారి వెళ్తే డాక్టరు నొసలు చిట్లించాడు.

"మంట తగ్గగానే మందు మానేసేవాళ్ల పుణ్యమా అని ఈ పురుగు మొండెక్కుతోంది. మందుకి లొంగట్లేదేమో. నమూనా తీసి విశాఖ పంపి పరీక్ష చేయిద్దాం. మీ ఆవిడ మింగింది కదా?"

"మింగిందండి."

వారం రోజులూ బెన్హర్‌కి ఒకటే దిగులు. పురుగు మొండిదైతే ఇక జన్మంతా అరుగే.

ఈరోజు రిపోర్టు వచ్చింది. డాక్టరు చదివి, అతన్ని ఎగాదిగా చూశాడు.

"మొండిదేం కాదయ్యా. నువ్వు మింగిన బిళ్ళకే చచ్చే పురుగు. రెండుసార్లూ నీకు తగ్గిపోయింది. తగ్గాక మళ్లీ ఎవరో అంటించారు."

చెన్నై తర్వాత బెన్హర్ పరాయి ఆడదాని వంక చూడలేదు. ఇక మిగిలింది ఎలీసమ్మ. ఆమె మందు మింగాక కూడా రోగం ఉందంటే, ఆమెకెవరు అంటించినట్టు?

దొంగకి అందరూ దొంగల్లాగే కనిపిస్తారు. చీపురుపల్లి బస్సులో కూర్చున్నంతసేపూ ఊళ్లో మగాళ్లందర్నీ ఒక్కొక్కణ్నీ తల్చుకుని అనుమానించాడు. బస్సు దిగేసరికి అందరికంటే తనే ఎక్కువ అసహ్యంగా కనిపించాడు తనకి. అయినా అడక్కుండా ఉండలేకపోయాడు.

ఎలీసమ్మ పొయ్యి దగ్గరుంది.

"నిజం సెప్పు. నాను లేనప్పుడు ఇంటికి ఎవులైనా వచ్చినారా?"

"ఏటి మావా ఆ మాట?"

"మందు పనిచేస్తన్నాదంట. రోగం నాకు నీ కాడ్నించే వస్తన్నాదంట. నువ్వు బిళ్ళలు మింగినాక కూడా ఎలాగొస్తాది? సెప్పు."

ఎలీసమ్మ గరిటె పక్కన పెట్టింది. అతన్ని చూసి, మొదటిసారి ఏడ్చింది.

"జబ్బు నీకయితే నాకెందుకు మావా బిళ్ళలు, నీకు బేగి తగ్గాలని రెండుసార్లూ నా వంతు కూడా నూరి నీ అంబలిలోనే కలిపినాను."