ప్రళయానికి పనికొచ్చే చేను

"పంపు దించు. నీకేమన్నా పిచ్చి పట్టిందా?" కోటేశ్వరి మొగుడికి అడ్డంగా గట్టు మీద నిలబడింది.

బాపయ్య ఆగలేదు. వీపు మీద పంపు నిండా గడ్డిమందు. కాపు మీదున్న మిరపచేలోకి గడ్డిమందుతో దిగే రైతు వినుకొండ చుట్టుపక్కల ఇంకొకడు ఉండడు.

"కాయ అమ్మితే కోత కూలికి కూడా చాలదు. పొలం నిలబడాలంటే ఆ సినిమా వాళ్ళు తీసుకోవాలి. వాళ్ళకి కావలసింది చచ్చిన చేను. మనది బతికుంది. అదీ మన ఖర్మ!"

వారం కిందట లక్ష్మీకాంత్ వచ్చాడు. సినిమాలకి లొకేషన్లు వెతికే మనిషి. లోకం అంతమైపోయాక జరిగే కథట. పేరున్న నవలట. దాన్ని భారీగా సినిమా తీస్తున్నారు. నచ్చిన పొలాన్ని అద్దెకు తీసుకుంటారు. ఆ అద్దె వస్తే అప్పులకి బాపయ్య పొలం అమ్ముకోనక్కర్లేదు.

పొరుగు రైతు రంజాన్ చేను తామరపురుగు తిని మాడిపోయింది. అది చూసి, "అబ్బ, అదిరింది!" అంటూ ఫొటోలు తీశాడు లక్ష్మీకాంత్. పక్కనే ఉన్న బాపయ్య చేను దగ్గర మాత్రం ఫొటో తియ్యకుండా, గట్టు వెంట ఓ చుట్టు తిరిగొచ్చాడు.

"బోర్లో నీళ్ళు వేసవి దాకా ఉంటాయాండీ?" అనడిగాడు చివరికి.

యూనిట్ వాళ్ళ స్నానాలకి గామోసు అనుకున్నాడు బాపయ్య. "ఎన్నయినా తోడుకోండి."

"డైరెక్టర్ గారిని తీసుకొస్తాను. ఆయన చూశాకే ఖాయం."

అతను వెళ్ళగానే రంజాన్ పగలబడి నవ్వాడు. "బాబాయ్, ఒళ్ళు హూనం చేసుకుని బతికించావే! చేతులెత్తేసినోణ్ణి, నేను హీరోనయ్యా చూడు!"

ఆ నవ్వే బాపయ్య చేత గడ్డిమందు కొనిపించింది.

"ఫోన్ నంబరిచ్చాడుగా. ఆ నవల్లో ఏముందో ఓసారి అడగరాదూ?" అంది కోటేశ్వరి, ఇంకా గట్టు మీంచి కదలకుండా.

"లోకమే పోయాక ఇంకేముంటదే, అడగటానికి?"

ఆమె పక్కకు జరిగింది. పంపు బుస్సుమంది.

వారం తిరిగేసరికి చేనంతా తుప్పు రంగుకి తిరిగింది. కొమ్మకే వడిలిపోయిన కాయల్ని చూడలేక కోటేశ్వరి చేలోకి రావడం మానేసింది. బాపయ్య మాత్రం గట్టు మీద నిలబడి అటూ ఇటూ పోల్చి చూసుకున్నాడు. రంజాన్ చేను కంటే తనదే బాగా చచ్చింది.

కార్లు రానే వచ్చాయి. తల దువ్వుకుని నిలబడ్డ రంజాన్‌ని దాటేసి, తిన్నగా బాపయ్య చేను ముందు ఆగాయి. బాపయ్య కండువా దులుపుకుని ఎదురు పరిగెత్తాడు.

లక్ష్మీకాంత్ దిగాడు. చేను చూశాడు. దారి తప్పామా అన్నట్టు వెనక్కి రోడ్డు చూశాడు.

"బాపయ్య గారూ... ఇది మీ చేనేనా?"

"మాదేనండీ! ఎట్టా ఉంది? ప్రళయం వచ్చిపోయినట్టు లేదూ?"

వెనక కారులో డైరెక్టర్ దిగనే లేదు. అద్దం పైకి లేచింది.

"మాడిపోయిన చేలు దారి పొడవునా ఉన్నాయండీ." లక్ష్మీకాంత్ వంగి, వడిలిన కాయ ఒకటి తెంపి బాపయ్య చేతిలో పెట్టాడు.

"నవల చివర ఒక్క చేను పచ్చగా మిగులుతుంది."