గోడవైపు రెండుసార్లు

కొత్త సెక్రటరీ ఆ రోజు పొద్దున్నే క్లబ్బుకి వచ్చేసరికి, టెన్నిస్ మట్టి కోర్టులో ఎవరో పెద్దాయన చెప్పులు విప్పి, పైపుతో నీళ్లు చల్లుతున్నాడు.

చల్లడంలో కూడా ఒక పద్ధతి. గోడవైపు రెండుసార్లు, మిగతా అంతా ఒకసారి.

ఈయనెవరని వాచ్‌మన్‌ని అడిగితే, కోచ్ గారి మనిషి అనుకున్నానన్నాడు. కోచ్ ఏమో కోర్టు వేసిన కాంట్రాక్టరు మనిషి అనుకున్నాడట. కాంట్రాక్టరుకి ఫోన్ చేస్తే, ఎవరో మెంబరు, తోచక చేస్తున్నాడనుకున్నానని నవ్వాడు.

రెండేళ్లుగా రోజూ వచ్చే మనిషి ఎవరి తాలూకో నూటిరవై మంది మెంబర్లలో ఒక్కరికీ తెలియదు. సెక్రటరీకి తల తిరిగిపోయింది.

సూటిగా ఆయన్నే అడిగాడు.

"ఎవరండీ మీరు? నీళ్లు చల్లమని మీకెవరు చెప్పారు?"

"అడిగాను బాబూ. ఎవరూ వద్దనలేదు."

ఆ జవాబుతో అయోమయం ఇంకాస్త పెరిగింది. నెల తిరిగేసరికి అక్కడ పోటీలు. ఊరూ పేరూ తెలియని మనిషి చేతికి కోర్టు వదిలేయడమేమిటి? కార్డు లేనివాళ్లని లోపలికి రానివ్వొద్దని వాచ్‌మన్‌కి చెప్పాడు.

మర్నాడు పెద్దాయన మూసిన గేటు దగ్గర కాసేపు నిలబడ్డాడు. బతిమాలలేదు. వాచ్‌మన్‌తో ఇంతే అన్నాడు.

"పోనీ, మీరైనా రోజూ తడపండి బాబూ. గోడవైపు కాస్త ఎక్కువగా."

ఆ పని తోటమాలికి అప్పగించారు. అతను గుర్తున్న రోజు తడిపాడు, లేని రోజు లేదు.

పది రోజుల్లో కోర్టు పొడిపొడి అయిపోయింది. బంతి సరిగ్గా లేవదు. ఎవరు పరుగెత్తినా ఎర్రటి దుమ్ము. రోలర్ లాగారు, కొత్త మట్టి పోశారు, దుమ్ము ఇంకా ఎక్కువైంది. పోటీలవాళ్లు వచ్చి చూసి పెదవి విరిచారు. ఆదివారంలోగా బాగుచెయ్యకపోతే వేరే క్లబ్బు చూసుకుంటామన్నారు.

సెక్రటరీ ఓ మెట్టు దిగాడు. పెద్దాయన్ని ఎలాగైనా వెతికి పిలుచుకురమ్మని వాచ్‌మన్‌ని పంపాడు.

వాచ్‌మన్ చుట్టుపక్కల వాళ్లని అడిగి, పావుగంటలో ఒక్కడే తిరిగొచ్చాడు. ఆయన ఇల్లు గోడవతలేనట. తాళం వేసి ఉందట. కిటికీ సందుల్లో గుడ్డలు కుక్కి ఉన్నాయట, వసారా నిండా ఎర్రటి దుమ్మేనట.

"ఎక్కడికెళ్లారు?"

"కూతురింటికట సార్. ఆయన భార్య మొన్న సోమవారం పోయారట."

అయ్యో అనుకున్నాడు సెక్రటరీ. కానీ ఆ కిటికీల్లో గుడ్డలెందుకో అంతుపట్టలేదు. గోడవతలే ఇల్లుండి, ఈ మనిషి రెండేళ్లపాటు మా నేల ఎందుకు తడిపినట్టు?

ఫోన్ నంబరైనా దొరుకుతుందేమోనని పాత సెక్రటరీ సొరుగు వెతికాడు. అడుగున ఫిర్యాదుల కట్టలో, రెండేళ్ల కిందటి కవరొకటి ఎవరూ విప్పకుండా అలాగే ఉంది.

"అయ్యా, మాది మీ గోడవతల ఇల్లు. మీ కోర్టు దుమ్ముకి మా ఆవిడకి ఊపిరాడటం లేదు. మీవాళ్లకి తీరిక లేకపోతే, రోజూ పొద్దున్నే నేనే వచ్చి తడిపి వెళ్లమంటారా?"