ఎవరూ ఆగి చూడని బొమ్మ

"బొమ్మ ఎట్లుండాలెనంటే, చూసినోడు చూడనట్టు పోవాలె."

ఆ మాటకు నర్సింగం చేతిలో కుంచె ఆగిపోయింది.

కోరుట్ల బస్టాండు పక్కన పదేళ్లుగా బోర్డులు రాస్తున్నాడతను. ఎరువుల దుకాణాల గోడలు రాశాడు, లారీల నంబర్లు రాశాడు. పాటల క్యాసెట్‌కు కవర్ గీయమని ఒక్కడూ రాలేదు. ఇన్నాళ్లకు ఒకడు వచ్చాడు. వచ్చినవాడు వస్తూనే అపశకునం పలికాడు.

"నీ పేరేందే అన్నా?"

"ముత్యం. సిరిసిల్లల సాంచెల మీద బట్ట నేస్త."

"ఏం పాటలు?"

"అంజన్న భజనలు. కొండగట్టు జాతరల అమ్మాలె."

"మరి కవర్ ఎందుకేస్తరే? పోయేటోన్ని ఆపేటందుకు. ఎవడు చూడొద్దంటే పాత పేపర్ల సుట్టుకో!"

ముత్యం నవ్వలేదు. మాటకొకసారి రోడ్డు వైపు చూస్తున్నాడు. ఆ రోజుల్లో రోడ్డు వైపు చూడనివాడెవడు? పగలు పోలీసు జీపు, పొద్దుగూకితే అడవిలోంచి అన్నల కబురు. నడుమ జనం అడకత్తెరలో పోకచెక్క.

"అందరేసే బొమ్మనే వెయ్యి తమ్మీ. చేతిల కొండ, భుజం మీద గద, అంతే. కింద నీ పేరు గిట్ట రాయకు."

అక్కడ నర్సింగానికి ఒళ్లు మండింది. బొమ్మ బాగుండొద్దు, పేరు ఉండొద్దు! ఏ జగిత్యాల పెయింటరో తనను తొక్కడానికి పంపిన మనిషి కాదు గదా అని కూడా అనుమానం వచ్చింది.

"సరే తియ్యి" అన్నాడు పైకి.

లోపల మాత్రం కుదురు లేదు. మూడు రోజులు అన్నం సయించలేదు. పెళ్లాం నీల పిలిచినప్పుడల్లా "ఆగవే" అన్నాడు. కొండ తీసేశాడు. గద తీసేశాడు. అట్ట నిండా అంజన్న ముఖం ఒక్కటే పెట్టాడు. సిందూరం చుట్టూ బంగారు రంగు దిద్దాడు. ఆఖరున కళ్లు వేశాడు. ఎటు నుంచి చూసినా మనల్నే చూసే కళ్లు.

మూలన పేరు రాసుకున్నాడు: నర్సింగం ఆర్ట్స్, కోరుట్ల.

జగిత్యాల ప్రెస్సులో అచ్చు వేసే ముసలాయన మిషన్ ఆపి మరీ దండం పెట్టాడు. ఇక నర్సింగం కాళ్లు నేల మీద లేవు.

జాతర ముందురోజు పొద్దున్నే ముత్యం వచ్చి కవర్ల కట్ట విప్పాడు. అతని ముఖంలో కత్తివేటుకు నెత్తురుచుక్క లేదు.

"గిదేంది తమ్మీ?"

"ఎట్లుంది? చూసినోడు సూపు తిప్పుకుంటడా?"

"తిప్పుకోడు" అన్నాడు ముత్యం మెల్లగా. "గదే నా భయం."

మళ్లీ అచ్చు వేయించే వ్యవధి లేదు. ముత్యం అరుగు మీద కూర్చున్నాడు. జేబులోంచి బ్లేడు తీసి, కవర్ల మూలనున్న పేరు ఒక్కొక్కటే గీకడం మొదలుపెట్టాడు.

నర్సింగం ఉరికొచ్చి చెయ్యి పట్టుకున్నాడు.

"కష్టం నాది, కడుపుమంట నీదా? ఓర్వలేకపోతే గిక్కడనే పెట్టి పో!"

"నీ మంచికే తమ్మీ."

"నా మంచి నాకెరుక. లే, లెవ్వు!"

గీకినవి నాలుగు. మిగిలినవన్నీ సంచిలో వేసుకుని ముత్యం బస్సెక్కాడు. బొమ్మంటే తెల్వని మొద్దు అని నర్సింగం వెనక నుంచి తిట్టాడు.

జాతర ముగిసిన మర్నాడు కానిస్టేబుల్ వచ్చాడు.

"నర్సింగం ఆర్ట్సంటే నువ్వేనా? నడువు."

ఠాణాలో బల్ల మీద ఆ క్యాసెట్ ఉంది. ఎస్సై దాన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పాడు.

"మంచిగేసినవ్‌రా. కొండగట్టు కింద వందల క్యాసెట్లుండె. అన్నల పాటలు దొరుకుతయని మా కానిస్టేబుల్ సాయిలు సంచులు ఎతికి ఎతికి ఇసిగిపోయిండు. గీ కళ్లు చూసి ఆగిండట. వాళ్లమ్మ ఇంటదని ఒకటి తీసుకపోయి ఇంట్ల ఏసిండు. తెల్లారి మల్ల పోతె గా మనిషి ఇంక ఆడనే అమ్ముతున్నడు. పట్టుకొచ్చినం."

బటన్ నొక్కాడు.

భజన కాదు. కూలి అడిగే వరినాట్ల పాట. నీల నాటుకు పోయిన ప్రతిసారీ పాడే పాట. మడుల్లో ఆడవాళ్లంతా పాడతారు. ఎవరు కట్టారో ఎవరికీ తెలియదు.

నర్సింగం చేతులు జోడించాడు.

"సారూ, నాకేం తెల్వది. భజనలంటెనే ఏసిన."

"నీకు తెల్వదనే ముత్యం గూడ చెప్పిండు. పెయింటర్ అమాయకుడు, అబద్ధమాడి గీయించుకున్న అన్నడు. గా ఒక్క మాట తప్ప ఏమడిగినా నోరు ఇప్పలే. కవర్ మీద నీ పేరు లేకపోతే నిన్ను పిలిచేటోళ్లమే కాదు. పో, ఇంటికి పో."

బ్లేడు పట్టుకున్న ఆ చెయ్యిని తాను ఎట్లా పట్టి ఆపాడో తలుచుకుంటే నర్సింగానికి సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. లేచాడు గాని గడప దాటలేకపోయాడు.

"సార్, పాపం, గాయన ఎవలకో క్యాసెట్లు మోసేటోడు. పొట్టకూటికి ఒప్పుకున్నడేమో."

ఎస్సై పాట ఆపలేదు.

"మోసేటోడు కాదురా" అన్నాడు. "నాలుగేండ్ల సంది ఊరూర పాడుతున్న గీ పాటలు కట్టింది ఆయనే, గిప్పుడు నువ్వు ఇంటున్న గొంతు ఆయనదే."